142 బై 90

జనవరి నెల. తెల్లవారుజామున 4:45. ఆదిలాబాద్ డిపోలో బస్సుల అద్దాల మీద మంచు నీళ్లై కారుతోంది. మీరు కండక్టర్. వయసు 42. ఆప్రాన్ మీద స్వెట్టర్, చెవులకు మఫ్లర్, భుజానికి క్యాష్ బ్యాగు, చేతిలో టికెట్ మిషన్. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి డోరు పక్కనున్న ఇనుప రాడ్డు పట్టుకుంటారు. చలి అరచేతిలోంచి మోచేతి దాకా జివ్వున పాకుతుంది.

గుడిహత్నూర్‌లో ముగ్గురు ఆడవాళ్లు ఎక్కుతారు. ఆధార్ కార్డులు చూపిస్తారు. మూడు జీరో టికెట్లు కొట్టాలి. బటన్ నొక్కుతారు. నొక్కినట్టు వేలికి తెలియదు. మళ్లీ నొక్కుతారు. ఏమీ తెలియదు. లైటు కిందికి చెయ్యి పెట్టి చూసుకుంటారు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు రెండో కణుపు దాకా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. తెలుపు ఎక్కడ ఆగిందో అక్కడ చర్మం మీద హద్దు స్పష్టంగా కనిపిస్తోంది. అటు మీ చెయ్యి. ఇటు ఎవరిదో.

"ఏమైంది చెల్లే? చేతులు గట్లయినయేంది?" డ్రైవరన్న అద్దంలోంచి చూస్తున్నాడు.

"ఏం లేదన్నా, చలి."

చేతులు చంకల్లో పెట్టుకుంటారు. ఇచ్చోడ దగ్గరికొచ్చేసరికి తెలుపు నీలమవుతుంది. వేళ్లలో మిగిలిన కాస్త నెత్తురూ తనలోని ఆక్సిజన్‌ను ఖర్చుపెట్టేసుకుంది. నేరడిగొండ దగ్గర టీ గ్లాసు పట్టుకోగానే ఎరుపెక్కుతాయి. మూసుకున్న దారి తెరుచుకుని నెత్తురు ఒక్కసారిగా తోసుకొచ్చింది. మంట. గోళ్ల కింద సూదులు. 20 నిమిషాల్లో అంతా మామూలు.

1862లో పారిస్‌లో మారిస్ రేనో అనే యువ డాక్టరు తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంలో ఈ తెలుపూ నీలాన్నే వర్ణించాడు. అందుకే దీన్ని రేనో అంటారు. చలి తగిలితే ఎవరికైనా వేళ్లలోని సన్నటి నాళాలు కాస్త బిగుస్తాయి, ఒంట్లో వేడిని కాపాడటానికి. మీకు బిగుసుకోవడం కాదు, మూసుకుపోతున్నాయి. ఇలా వేళ్లు రంగు మారేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లలో ఎక్కువమందికి అది అక్కడితో ఆగిపోతుంది.

మీకు ఆగుతుందా? ఇప్పుడే చెప్పలేం. మరి ఏం చేస్తారు? ఏమీ చేయరు. నిర్మల్‌లో ఇంకా పదిమంది ఎక్కాలి.

మార్చికి ఉంగరం రాదు. సబ్బు రాసినా రాదు. పొద్దున లేచేసరికి వేళ్లు ఉబ్బి, పిడికిలి పూర్తిగా ముడుచుకోదు. ఏప్రిల్‌లో బయట ఎండ దంచుతుంటే డిపో ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీస్తారు. నాలుగు వేళ్లు తెల్లబడతాయి. మే నెలలో ఒకరోజు జాకెట్టు చెయ్యి ఎక్కించుకుంటూ గమనిస్తారు. ముంజేతి మీద చర్మం బిగుసుకుని మెరుస్తోంది, రెండు వేళ్లతో పట్టుకుందామంటే ముడత రావడం లేదు. రాత్రుళ్లు కీళ్లు సలుపుతాయి.

వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. రాత్రి 9 గంటలకు డ్యూటీ దిగిన మనిషికి తెరిచి ఉండే తలుపు అదొక్కటే. ఆయన చిన్న చిన్న గోళీలు ఇస్తాడు. ప్రెడ్నిసొలోన్, స్టెరాయిడ్. మూడో రోజుకే పిడికిలి మూసుకుంటుంది, ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది. దేవుడు దిగొచ్చినంత సంతోషం.

జూన్‌లో డిపోలో హెల్త్ క్యాంపు. బీపీ చూస్తున్న కుర్ర డాక్టరు మీ చెయ్యి వదలడు. తిప్పి తిప్పి చూస్తాడు. చర్మాన్ని చిటికెతో పట్టబోతాడు. పట్టు దొరకదు. "నోరు పెద్దగా తెరవండమ్మా." మునుపటంత తెరుచుకోదు. అతను చీటీ మీద హైదరాబాద్‌లో రుమటాలజిస్టును కలవమని రాసి, కింద రెండు గీతలు గీస్తాడు.

హైదరాబాద్‌లో ఆ డాక్టరమ్మ చేసే మొదటి పని మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది. స్టెతస్కోపు తీయదు. మీ ఉంగరపు వేలి గోరు మొదట్లో ఒక నూనె చుక్క వేసి, కంప్యూటర్‌కు తగిలించిన చిన్న కెమెరాను దానికి ఆనిస్తుంది. తెర మీద మీ కేశనాళికలు కనిపిస్తాయి. ఒంట్లో కోత లేకుండా నెత్తురు నాళాల్ని కళ్లారా చూడగలిగే చోట్లు చాలా తక్కువ. కంటి వెనక పొర ఒకటి, గోటి మొదలు ఇంకొకటి.

ముందు పక్కన నిలబడ్డ నర్సు వేలు చూపిస్తారు. సన్నటి ఎర్రటి వంపులు వరసగా, ఒక్కో మిల్లీమీటరుకు తొమ్మిదో పదో. తర్వాత మీది. వరస లేదు. అక్కడొకటి ఉబ్బి, మామూలు వెడల్పుకు ఎన్నో రెట్లు లావైంది. పక్కన చిట్లిన నెత్తురు, గోధుమ రంగు చుక్క. ఆ తర్వాత ఖాళీ. మళ్లీ ఖాళీ. అక్కడ ఒకప్పుడు నాళాలు ఉండేవి.

"ఎప్పటి నుంచమ్మా వేళ్లు తెల్లబడటం?"

"జనవరి నుంచి మేడమ్."

"చర్మం?"

"మే..."

ఆమె పెన్ను ఆగుతుంది. కొందరికి రేనో మొదలైన పదేళ్లకు గానీ చర్మం బిగుసుకోదు. మీకు అయిదు నెలలు పట్టలేదు. ఇది స్క్లెరోడెర్మా అంటుంది. ఏ రకమో నెత్తురు చెప్పాలి.

చిన్న గొట్టంలో అయిదు మిల్లీలీటర్లు. ఆ గొట్టం వెంట మీరూ ల్యాబ్‌కు రండి.

గాజు పలక మీద మనిషి కణాలు పరిచి ఉన్నాయి. వాటికి హెప్-2 అని పేరు. ఎవరిదో గొంతు క్యాన్సర్ నుంచి తీసినవని చాలాకాలం అనుకున్నారు. తీరా చూస్తే అవి 1951లో బాల్టిమోర్‌లో చనిపోయిన నల్లజాతి తల్లి హెన్రియెట్టా లాక్స్ కణాలేనని తేలింది. ఆమె కణాలు ల్యాబుల్లో పెరిగి పెరిగి, వేరే పేర్లున్న సీసాల్లోకి కూడా దూరిపోయాయి. ఆదిలాబాద్ కండక్టరమ్మ నెత్తురులో ఏముందో కనిపెట్టడానికి ఇప్పుడు ఆమె కణాలే సాయం.

మీ రక్తరసాన్ని పలచన చేసి ఆ కణాల మీద పోస్తారు. మీ యాంటీబాడీలకు ఆ కణాల్లో తమకు కావలసింది దొరికితే అతుక్కుంటాయి. కడిగేసినా వదలవు. వాటి మీద మెరిసే రంగు అంటిస్తారు. గది చీకటి. మైక్రోస్కోపులో పచ్చటి వెలుగు. కణాల నడిబొడ్డున, కేంద్రకంలో, సన్నటి చుక్కలు చుక్కలుగా మెరుస్తోంది. మీ ఒంటిని కాపాడాల్సిన సైన్యం మనిషి కణపు గుండెకాయనే గురిపెట్టిందన్నమాట.

స్క్లెరోడెర్మా ఉన్న నూటికి 90 మందికి పైగా ఇలా వెలుగుతుంది. కానీ వెలిగితే సరిపోదు. ఏ యాంటీబాడీ? అసలు సంగతి అక్కడుంది. మామూలుగా ఒక మనిషికి వీటిలో ఒకటే ఉంటుంది, ఆ ఒక్కటీ ఏ వైపు నుంచి ప్రమాదం రావచ్చో చెబుతుంది. యాంటీ సెంట్రోమియర్ అయితే జబ్బు నింపాదిగా నడుస్తుంది, కానీ ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి పెరగవచ్చు. మెట్లెక్కితే ఆయాసం వస్తుందేమో చూస్తుండాలి. ఎస్‌సీఎల్-70 అయితే ఊపిరితిత్తులు గట్టిపడటం, వేళ్ల కొసల్లో పుండ్లు. మూడోది ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-3 మీద యాంటీబాడీ. కణంలో జన్యువుల నుంచి నకళ్లు తీసే యంత్రాల్లో అదొకటి. దాని మీద యాంటీబాడీ ఉన్నవాళ్లకు చర్మం వేగంగా బిగుసుకుంటుంది. మూత్రపిండాలు ఒక్కసారిగా దెబ్బతినవచ్చు.

మీ రిపోర్టులో నల్లటి గీత ఆ మూడోదాని ఎదురుగా ఉంది.

"మేడమ్, ఈ యాంటీబాడీలే నా రక్తనాళాలు పాడుచేస్తున్నాయా?"

మంచి ప్రశ్న. ఆమె వెంటనే జవాబివ్వదు. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ కణం లోపల, కేంద్రకంలో దాక్కుని ఉంటుంది. బయట తిరిగే యాంటీబాడీ బతికున్న కణంలోకి దూరి దాన్ని పట్టుకోవడం తేలిక కాదు. కాబట్టి ఈ యాంటీబాడీ హంతకుడా, సాక్షా అన్న వాదన ఇంకా నడుస్తోంది. ఇవి కాక వేరే యాంటీబాడీలూ ఉన్నాయి. నాళాల గోడల మీద, కణం బయటివైపు, బిగుసుకో అని ఆజ్ఞ అందుకునే రెండు గ్రాహకాలున్నాయి. ఒకటి యాంజియోటెన్సిన్‌ది, ఇంకొకటి ఎండోథెలిన్‌ది. స్క్లెరోడెర్మా ఉన్న చాలామందిలో సరిగ్గా ఆ రెంటికీ అతుక్కునే యాంటీబాడీలు దొరికాయి. అవి అతుక్కుంటే చాలు, ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే నాళం బిగుసుకోవచ్చు.

నన్నడిగితే రోగికి ఈ వాదన తేలేదాకా ఆగాల్సిన పని లేదు. ఎవరు చేసినా నష్టం మాత్రం నాళాలకే జరుగుతోంది.

ఒక్కసారి మీ వేలిలోని సన్నటి ధమనిలోకి దిగండి. లోపలి గోడకు ఒక్క కణం మందాన పొర. ఆరోగ్యంగా ఉంటే నున్నగా ఉంటుంది, నెత్తురు జారిపోతుంది. మీలో ఆ పొర ఉబ్బింది, అక్కడక్కడా ఊడింది. సందుల్లోంచి నీరు బయటికి కారుతోంది. మార్చిలో ఉంగరం ఇరుక్కుపోయింది అందుకే. దెబ్బతిన్న కణాలు ఎండోథెలిన్‌ను వదులుతున్నాయి. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టిన పదార్థం. నాళాల్ని బిగించడంలో దాన్ని మించినవి ఒంట్లో అరుదు. గోడలోని కండర కణాలు లోపలి వైపుకు పాకి పెరుగుతున్నాయి. దారి ఇరుకవుతోంది. రేపు ఇంకా ఇరుకవుతుంది.

డాక్టరమ్మ మందులు రాస్తుంది. వేళ్లకు నిఫెడిపిన్, చర్మానికి మైకోఫెనొలేట్. స్టెరాయిడ్ ఎంత వాడుతున్నారో చెబితే ఆమె మొహం మారుతుంది. రోజుకు 30 మిల్లీగ్రాములు. ఈ జబ్బులో, అందులోనూ మీ యాంటీబాడీ ఉన్నవాళ్లలో, 15 మిల్లీగ్రాములు దాటిన స్టెరాయిడ్‌కూ మూత్రపిండాల సంక్షోభానికీ సంబంధం ఉందని దశాబ్దాలుగా తెలుసు. ఒక్కసారిగా మానేయకూడదు, అదీ ప్రమాదమే. కొన్ని వారాల్లో తగ్గించుకుంటూ రావాలి.

తర్వాత మామోగ్రామ్ రాస్తుంది. చర్మం జబ్బుకు రొమ్ము పరీక్ష ఎందుకు? మీకు అనుమానం రావడం సహజం. ఈ యాంటీబాడీ ఉన్న కొందరికి స్క్లెరోడెర్మా, క్యాన్సర్ దాదాపు ఒకేసారి బయటపడతాయి. 2014లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు అలాంటివాళ్ల గడ్డల్ని విప్పి చూశారు. కొన్నింట్లో ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-3 జన్యువే మారిపోయి కనిపించింది. అంటే కొందరిలో కథ ఇలా నడిచి ఉండవచ్చు: గడ్డలో ఒక భాగం వింతగా మారింది, రక్షణ వ్యవస్థ దాన్ని పట్టుకుంది, పట్టుకున్న ఊపులో మంచి కణాల్లోని అదే భాగం మీదా పడింది. మీ మామోగ్రామ్‌లో ఏమీ లేదు. గుండెల్లోంచి ఒక బరువు దిగుతుంది.

చివరగా బీపీ మిషన్ కొనమంటుంది. "మీ బీపీ ఎప్పుడూ ఎంతుంటుంది?"

"104 బై 66 మేడమ్. క్యాంపులో చూసిండ్రు."

"అది మీ నంబరు. గుర్తుపెట్టుకోండి. అందరికీ 140 దాటితేనే బీపీ. మీకు పైనంబరు 30 పెరిగినా, కిందిది 20 పెరిగినా నాకు ఫోన్ చేయాలి. అదే రోజు. తెల్లారేదాకా ఆగొద్దు."

నోటుబుక్కు కొంటారు. పొద్దున, రాత్రి. 106/68. 102/64. 108/70. జులై, ఆగస్టు, సెప్టెంబరు. విసుగొస్తుంది. ఇంటర్ చదివే బిడ్డ గీతలు గీసి పట్టిక తయారుచేస్తుంది.

నవంబరులో తమ్ముడి పెళ్లి.

పెళ్లికి వారం ముందు కీళ్లు మళ్లీ సలుపుతాయి. చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేరు. అలమరలో చీరల కింద పాత గోళీల డబ్బా ఉంది. ప్రెడ్నిసొలోన్, సగానికి పైగా మిగిలింది. డబ్బా చేతిలో ఉంది. ఏం చేస్తారు?

ఇంటికి పెద్ద ఆడబిడ్డ మీరు. తలంబ్రాల పళ్లెం పట్టాలి. నలుగురిలో నవ్వుతూ తిరగాలి. మూడు గోళీలు అరచేతిలో వేసుకుంటారు. పెళ్లయ్యేదాకానే, అనుకుంటారు. పెళ్లయ్యాక సత్యనారాయణ వ్రతం, ఆ తర్వాత విందు. దాదాపు మూడు వారాలు గడుస్తాయి. బీపీ మిషన్ పెళ్లి సామాన్ల కింద ఎక్కడో ఉంది.

డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం తల పగిలిపోతుంటుంది. బిడ్డ మిషన్ వెతికి తెచ్చి పట్టీ చుడుతుంది. గాలి బుస్సుమని నిండుతుంది.

142/90.

వీధి చివర క్లినిక్‌లో అంటారు: "ఏం గాదక్కా, పెళ్లి అలసట. జర ఉప్పు తగ్గించు." తలనొప్పికి డైక్లోఫెనాక్ ఇంజక్షన్ తీస్తారు.

ఇక్కడ నేను కాస్త గొంతు పెంచాలి. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా 142ని చూసి కంగారుపడరు. 60 ఏళ్ల మనిషికైతే అది ఏ మంగళవారమైనా వచ్చే అంకె. కానీ మీది 104. మీకు పైనంబరు 38 పెరిగింది, కిందిది 24. ఇదొక్కటి గుర్తుంటే సమయానికి ఆసుపత్రికి చేరవచ్చు, గుర్తులేకపోతే ఆలస్యమవుతుంది.

సూది గుచ్చించుకుంటారా? చెయ్యి వెనక్కి లాక్కుంటారు. ఆ నొప్పి మందు మూత్రపిండాలకు ఇంకో దెబ్బ. అంతవరకు మంచిదే. కానీ ఫోన్ చేయరు. రాత్రి 8 అయింది. పెద్ద డాక్టరమ్మను ఈ వేళప్పుడు ఏం ఇబ్బంది పెడతాం? తెల్లారాక చేద్దాం.

రాత్రి 2 గంటలు. మెలకువ వస్తుంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. లేచి కూర్చుంటే ఆడుతోంది. సాయంత్రం నుంచి మూత్రానికి వెళ్లలేదని గుర్తొస్తుంది. గోడ మీద గడియారం రెండుగా కనిపిస్తోంది.

"అమ్మా, చెయ్యియ్యి."

188/112.

బిడ్డ నోటుబుక్కు మొదటి పేజీ తెరుస్తుంది. అక్కడ నంబరుంది. ఫోన్ మోగుతోంది. మోగుతోంది. ఎత్తారు.

"108కి ఫోన్ చేయండి. మీ ఊళ్లో పెద్దాసుపత్రికే వెళ్లండి. హైదరాబాద్ బయల్దేరకండి. ముందు మందు పడాలి. అక్కడి డాక్టరుకు ఫోనివ్వండి."

అంబులెన్సు. సైరన్. చలి. వేళ్లు తెల్లగా ఉన్నాయి. ఎవరూ చూడటం లేదు.

క్యాజువాలిటీ. లైట్లు. నెత్తురు తీస్తారు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.4. జూన్‌లో 0.7. ప్లేట్‌లెట్లు తక్కువ. మైక్రోస్కోపు కింద ఎర్ర కణాలు ముక్కలు ముక్కలు. ఇరుకు దారుల్లో దూరలేక చిరిగాయి.

డ్యూటీ డాక్టరు చెవికి ఫోన్. "కాప్టోప్రిల్ ఉందా?" అవతలి గొంతు అడుగుతోంది. "లేకపోతే ఎనలాప్రిల్. ఇప్పుడే. నిమిషాల్లో."

గోళీ నాలుక మీద. నీళ్లు. మింగుతారు.

ఏమిటా గోళీ? మీ మూత్రపిండంలో ఏం జరుగుతోందో చూస్తే అర్థమవుతుంది. అక్కడి చిన్న ధమనుల గోడలు లోపల్లోపల పొర మీద పొర పేరుకున్నాయి. అడ్డంగా కోసి చూసిన పాథాలజిస్టులు దాన్ని ఉల్లిపాయతో పోలుస్తారు. నడుమ దారి దాదాపు లేదు. నెత్తురు అందని మూత్రపిండం ఒంట్లో నెత్తురే తగ్గిందని పొరబడుతుంది. రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. దాని వల్ల యాంజియోటెన్సిన్ తయారవుతుంది. అది ఒంట్లోని నాళాలన్నింటినీ బిగిస్తుంది, మూత్రపిండంలోని ఆ ఇరుకు నాళాల్ని కూడా. నెత్తురు ఇంకా తగ్గుతుంది. రెనిన్ ఇంకా పెరుగుతుంది. గంట గంటకూ ఉచ్చు బిగుస్తుంది. ఆ గోళీ యాంజియోటెన్సిన్ తయారీనే ఆపుతుంది.

దాని పుట్టుక పాము విషంలో ఉంది. బ్రెజిల్ అడవుల్లో జరరాకా అనే పాము కాటేస్తే రక్తపోటు పడిపోతుంది. 1960లలో సెర్జియో ఫెరీరా అనే బ్రెజిల్ శాస్త్రవేత్త ఆ విషంలో ఏముందో వెతికాడు. ఆ దారి పట్టుకుని 1970లలో అమెరికాలో స్క్విబ్ కంపెనీ పరిశోధకులు కుష్‌మన్, ఒండెట్టి కాప్టోప్రిల్‌ను తయారుచేశారు. అంతకుముందు ఈ సంక్షోభం వచ్చినవాళ్లలో కొందరికి బీపీ దించడానికి రెండు మూత్రపిండాలూ కోసి తీసేసేవారు. ఇక వేరే దారి కనిపించక. పిట్స్‌బర్గ్ డాక్టర్లు 1990లో లెక్క చెప్పారు: ఈ రకం మందు పడనివాళ్లలో ఏడాది తర్వాత మిగిలింది నూటికి 15 మంది. పడినవాళ్లలో 76 మంది.

అయితే ముందే వేసుకుని ఉంటే సంక్షోభమే రాదుగా? రాదని రుజువు కాలేదు. పైగా ముందు నుంచే దాన్ని వాడుతున్నవాళ్లకు సంక్షోభం వస్తే ఫలితాలు అంత బాగా లేవు. అందుకే డాక్టరమ్మ జులైలో మీ చేతికి ఈ గోళీ ఇవ్వలేదు. బీపీ మిషన్ కొనమంది.

తెల్లారేసరికి 168/100. మిమ్మల్ని హైదరాబాద్ ఐసీయూకు మారుస్తారు. లెక్క ప్రకారం పైనంబరును రోజుకు 20 చొప్పున దించాలి, మూడు రోజుల్లో మామూలుకు రావాలి. మరీ వేగంగా దించితే మూత్రపిండానికి ఉన్న నెత్తురూ అందదు.

రెండో రోజు. బీపీ 146/88. మంచి కబురే. క్రియాటినిన్ 3.6. చెడ్డ కబురు.

రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఛార్టు చూస్తాడు. నుదురు ముడేస్తాడు. ఈ మందుతో క్రియాటినిన్ ఇంత పెరిగితే ఆపాలి. పుస్తకంలో ఉన్నదదే. వేరే ఏ రోగికైనా అదే సరైన పని. పెన్ను తీస్తాడు. మందు పేరు మీద గీత కొట్టబోతాడు.

మీకు మాట సరిగ్గా రావడం లేదు. కానీ డాక్టరమ్మ పొద్దున మీతో చెప్పిన మాట ఒకటి మిగిలింది.

"సార్... గది ఆపొద్దన్నరు."

"ఎవరన్నారమ్మా?"

"మేడమ్. క్రియాటినిన్ పెరిగినా... ఆపొద్దన్నరు."

ఫోన్ చేస్తాడు. రెండు నిమిషాలు వింటాడు. "సారీ మేడమ్. ఓకే మేడమ్." గీత పడదు. మోతాదు పెరుగుతుంది.

మూడో రోజు. 128/80. క్రియాటినిన్ 5.8. మూత్రం 150 మిల్లీలీటర్లు. ఊపిరితిత్తుల్లో నీరు. మెడ దగ్గర గొట్టం పెట్టాలంటారు. డయాలసిస్. సంతకం కావాలి. తమ్ముడి చేతిలో కాగితం. గోరింటాకు ఇంకా పోలేదు ఆ చేతికి.

"అక్కా, చేయాల్నా?"

తల ఊపుతారు. ఊ.

మిషన్ తిరుగుతుంది. మీ నెత్తురు బయటికెళ్లి లోపలికొస్తుంది. చలి. వేళ్లు తెల్లబడతాయి. నర్సు చూస్తుంది. దుప్పటి తెచ్చి చేతుల మీద కప్పుతుంది. నాలుగు గంటలు. ఊపిరి ఆడుతుంది.

డిసెంబరు చివర్లో ఇంటికొస్తారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. అయినా గోళీ ఆపరు. ఎందుకో చాలామందికి అర్థం కాదు. పాడైన మూత్రపిండానికి ఇంక మందెందుకు అంటాడు పక్క మంచం పెద్దాయన. ఆయనది షుగర్ వల్ల పోయిన మూత్రపిండం, ఆయన మాట ఆయన విషయంలో నిజం. మీ కథ వేరు. ఈ సంక్షోభంలో మొదట డయాలసిస్ అవసరమైనవాళ్లలో సగానికి పైగా దాని నుంచి బయటపడ్డారని పిట్స్‌బర్గ్ వాళ్లే 2000లో రాశారు. కొందరికి మూడు నెలలు పట్టింది, కొందరికి ఏడాదిన్నర. దెబ్బతిన్న చోట నాళాలు నెమ్మదిగా సర్దుకుంటాయి, గోళీ ఆపకుండా ఉంటే.

పెళ్లప్పుడు వేసుకున్న స్టెరాయిడ్ గోళీలే దీనికంతటికీ కారణమా, అవి వేసుకోకపోయినా వచ్చేదా అని అడుగుతారు ఒకరోజు. మీ యాంటీబాడీతో, జబ్బు మొదలైన మొదటి నాలుగేళ్లలో, ఏమీ వేసుకోకపోయినా రావచ్చు. స్టెరాయిడ్ ఆ అవకాశాన్ని పెంచుతుంది. డాక్టరమ్మ అంతకు మించి ఏమీ అనదు. అలమరలో డబ్బా ఉందా అని మాత్రం అడుగుతుంది. బిడ్డ ఎప్పుడో పారేసింది.

ఆ బిడ్డకే ఇంకో ప్రశ్న ఉంది, చాలా రోజులుగా అడగలేకపోతోంది. "మేడమ్, నాకు గూడ వస్తదా?" రక్త సంబంధీకులకు అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువే, కానీ అలాంటి నూరుమందిలో ఇద్దరికి కూడా రాదు. వేళ్లు తెల్లబడితే చూపించుకో, లేకపోతే పరీక్షలు చదువుకో అంటుంది డాక్టరమ్మ.

మే నెల. డయాలసిస్ వారానికి రెండుసార్లయింది. మూత్రం కొలిచి రాసుకోవాలి. 400. 550. 700. నోటుబుక్కులో బీపీ పక్కన ఇంకో గడి చేరింది. గుండెకు ఎకో తీశారు, ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి లేదు. ఏటా తీయాలి. చర్మం ముంజేతుల దగ్గర కాస్త వదులైంది. నోరు మాత్రం అంతే.

తమ్ముడు ఊరుకోవడం లేదు. రక్తపరీక్షలు చేయించుకున్నాడు, కలిశాయి. "అక్కా, నా కిడ్నీ తీస్కో. ఇంకెన్ని రోజులు గీ మిషన్ల మీద ఉంటవ్? వచ్చే నెల డేటు తీస్కుందాం." పెళ్లయి ఆర్నెల్లు. పక్కన మరదలు తల దించుకుని కూర్చుంది. ఏమీ అనదు.

ఇప్పుడు కాగితం మీ చేతిలో ఉంది. ఎవరూ తొందరపెట్టడం లేదు. అందుకే ఇంకా కష్టం. అవునంటే మూడు నెలల్లో ఈ తిరుగుడు తప్పుతుంది. వద్దంటే ఇంకో ఏడాది ఇలాగే గడవచ్చు, చివరికి కిడ్నీ కావాల్సే రావచ్చు. డాక్టరమ్మ అడిగింది ఒక్కటే: 18 నెలలదాకా ఆగగలరా అని. తొందరపడితే తనంతట తాను కోలుకునే మూత్రపిండాన్ని కాదని ఇంకొకరిది కోసినట్టవుతుంది.

"వద్దు తమ్మీ. ఆగు."

"ఎన్ని రోజులు?"

"మేడమ్ చెప్పినన్ని రోజులు. అప్పటికీ రాకపోతే నేనే అడుగుత. సిగ్గుపడ."

నోటుబుక్కు డాక్టరమ్మ ముందు పెడతారు. ఆమె వేలితో గడి గడీ దిగుతూ వస్తుంది. 118/74. 116/72. మూత్రం నిన్న 1,100. క్రియాటినిన్ డయాలసిస్‌కు ముందు 2.9, గత నెల ఇదే రోజున 3.8. ఆమె కంప్యూటర్ వైపు తిరిగి తేదీలు చూస్తుంది.

"శనివారం డయాలసిస్‌కు రాకండి. చూద్దాం. ఆయాసం వచ్చినా, కాళ్లు వాచినా, బరువు రెండు కిలోలు పెరిగినా అప్పుడే ఫోన్ చేయాలి. రాత్రయినా సరే."

"చేస్త మేడమ్."

"మంగళవారం పొద్దున 8 గంటలకు రక్తం ఇవ్వండి. గోళీ వేసుకునే రండి."